మూడో కాటా

ఆదోని మార్కెట్ యార్డులో ఆఖరి లారీ కదిలాక,
రాత్రి పదిన్నరకు,
సర్వరు గది తాళం తీశాను.
అదే వాసన.
వేడెక్కిన ప్లాస్టిక్కు, పత్తి దూగర.

ఫ్యాను మూత విప్పితే
లోపల గువ్వ గూడంత పత్తి.
పదమూడేళ్ళుగా ఎవరి చేనిదో, ఏ లాటుదో,
ఏ లెక్కలోకీ ఎక్కకుండా మిగిలిపోయిన పోగు.
బ్రష్షుతో తీసి, పారేయబుద్ధి కాక
కిటికీ గట్టున పెట్టాను.

హమాలీలు దీన్ని ముసలెద్దు అంటారు.
పదకొండింటికి టెండరు తెరిస్తే చాలు
రొప్పుతుంది, మోకాళ్ళ మీద కూలబడుతుంది.
ధర చీటీ బయటికొచ్చేలోగా
పెద్దతుంబళం హనుమక్క ఆకూవక్కా నమిలి, ఉమ్మి,
రెండో ఆకుకు సున్నం రాస్తుంటుంది.

నిదానం ఒక్కటే అయితే ఓర్చుకుందుము.
దీని సాఫ్టువేరును చేసినవాళ్ళే వదిలేసి నాలుగేళ్ళు.
పక్క జిల్లా యార్డులో పోయిన నెల
ఎవడో, ఎక్కడివాడో, ఒక్క రాత్రిలో
లెక్కలన్నిటికీ తన తాళం వేసి పోయాడు.
వాళ్ళింకా కార్బను కాగితం పెట్టి రాసుకుంటున్నారు.

ముందు నకలు తీశాను.
నకలుకు నకలు.
ఒకటి నా సంచిలో,
ఒకటి ఖాజాబీ మేడం బీరువాలో, రసీదు పుస్తకాల కింద.

రెండువందల పన్నెండో వరస దగ్గర చెయ్యి ఆగింది.
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
'దీన్ని ముట్టుకోవద్దు. ఉరుకుందు.'
కారణం లేదు. తేదీ లేదు.
ఆ వరస ఒక పాత తలుపును
గొళ్ళెం లేకుండా, వచ్చినవాడి పేరడక్కుండా
తెరిచే ఉంచుతోంది.
ముంగిలికి ఇత్తడి తాళం,
దొడ్డిదారి బార్లా.
తీసేశాను.
కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను.

వాచ్‌మన్ బజారి బొరుగుల్లో ఉల్లిగడ్డ తరిగి తెచ్చాడు.
'ఎంత ఎక్కింది సార్?'
'ముప్పై.'
'క్వింటాళ్ళా?'

మూడింటికి అన్నీ పచ్చగా వెలిగాయి,
మూడో కాటా తప్ప.
బజారిని ఎక్కించి చూశాను.
తూస్తోంది. చెప్పడం లేదు.

తెల్లారగట్ల నాలుగుకు కోసిగికి ఫోన్ చేశాను.
రిటైరై ఏడేళ్ళయిన మనిషి
ఒక్క మోతకే ఎత్తి, హలో అనకుండా అన్నాడు:
'మూడో కాటానే గదా?
దానికి కొత్త మాట రాదు నాయనా.
వచ్చిన ఆ ఒక్క మాట కోసమే తలుపు తీసి పెట్టినా.
అంతకు మించి తెలివి నాకాడ లేకపాయె.'
కాసేపు దగ్గు.
'పీకేసినావా?'
'పీకేశాను సార్.'
'మేలు చేసినావు.
నిద్దర్లో గూడా అది టపటపా కొట్టుకుంటా ఉండె.'

మూల పడున్న చిన్న పెట్టెనొకదాన్ని దులిపి
కాటాకూ సర్వరుకూ నడుమ దుబాసీగా కూర్చోబెట్టాను.
ముసలిదాని మాట అది వింటుంది,
కొత్త మాటలోకి మార్చి, సంతకం పెట్టి చెబుతుంది.
ఇంకెవరు పిలిచినా పలకదు.

ఆ వరస చోట నేనూ ఒకటి రాశాను:
'మూడో కాటాకు కొత్త మాట రాదు.
దుబాసీ పెట్టె బల్ల కింద ఉంది.
కాటా మార్చిన రోజున దీన్ని తీసేయండి.
ముట్టుకోండి, ఏం కాదు.'
తేదీ వేశాను.

దూగర వదిలిన ఫ్యాను మోతకు
బజారి కిటికీ గట్టు మీది పత్తిని
రెండు చెవుల్లోనూ కుక్కుకుని పడుకున్నాడు.

పదకొండింటికి టెండరు తెరిచారు.
హనుమక్క ఆకు తొడిమ తుంచేలోపే చీటీ వచ్చింది.
'ఇంత జల్దీనా?' అంది.
'నా పత్తిని సరింగ సూసినారా లేదా?'
చీటీని వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు.
ఆకు అలాగే చేతిలో పట్టుకుని
మళ్ళీ తూయమని
మూడో కాటా వైపు నడిచింది.